పుట్టినతేదీ
(ద్వారకలో యువ క్రీడాకారులు, వారి తల్లిదండ్రులు, శిక్షకుల ఎదుట చేసిన ప్రసంగపాఠం)



ఢిల్లీ మహానగరానికి నైరుతి దిక్కున ఉన్న ఈ ద్వారక ఉపనగరాన్ని మొదట పప్పన్‌కలాఁ అని పిలిచేవారు. గ్రామాల నడుమ పొలాలుగా ఉన్న నేలను ఢిల్లీ అభివృద్ధి సంస్థ సేకరించి, సెక్టార్లుగా విభజించి, సహకార గృహనిర్మాణ సంఘాలకు స్థలాలు కేటాయించింది. 2005 డిసెంబరు నెలాఖరున మెట్రో రైలు ఇక్కడికి వచ్చిన తరువాత జనం మరింతగా చేరారు. ఒక్కొక్క గృహసముదాయంలో బెంగాలీలు, మలయాళీలు, గఢ్వాలీలు, బీహారీలు, తమిళులు, తెలుగువారు ఇరుగుపొరుగులుగా కాపురముంటున్నారు. పెద్దలు ఒకరి భాష మరొకరు నేర్చుకోవటానికి ఎన్నో ఏండ్లు పట్టవచ్చును గాని, పిల్లలకు ఒక్క సాయంకాలం చాలును. సెక్టార్ 11లోని క్రీడాప్రాంగణం వద్దగాని, గృహసముదాయాల మధ్య మిగిలిన ఖాళీ స్థలాల్లోగాని కొంతసేపు నిలబడి చూచినవారికి ఈ సంగతి తెలుస్తుంది. శ్రీకాకుళం నుండి వచ్చిన ఇంటి పిల్లవాడు బంతి వేస్తాడు, మీరట్ నుండి వచ్చిన ఇంటి పిల్లవాడు కొడతాడు, కొట్టాయం పిల్లవాడు పట్టుకుంటాడు. అది ఔటా కాదా అనే వివాదం మాత్రం అందరికీ అర్థమయ్యే హిందీలో సాగుతుంది.

జాతీయ సమైక్యత గురించి సభల్లో ఎంతో చెప్పుకుంటూ ఉంటాము. పిల్లల ఆటస్థలంలో అది ఉపన్యాసాల అవసరం లేకుండానే జరిగిపోతున్నది. అందువల్లనే అక్కడ జరిగే అన్యాయం కూడా ఒక్క ఇంటి విషయంగా ఉండిపోదు. ఫలానా రాష్ట్రంవారు ఇటువంటివారు, ఫలానా శిక్షకుడు తనవారినే తీసుకుంటాడు అనే మాటలు ముందు పిల్లల నోట పుట్టవు. పెద్దల నోట పుట్టి పిల్లల చెవిన పడతాయి.

యువజన క్రీడా సంఘంలో చేరే ప్రతి సభ్యుడూ కొన్ని నియమాలకు లోబడి ఉంటానని ఒప్పుకుంటాడు. నిర్ణేత తీర్పును శిరసావహించటం, ప్రత్యర్థిని గౌరవించటం, మాదకద్రవ్యాలకు, ఉత్ప్రేరకాలకు, పందేలకు దూరంగా ఉండటం, సంఘపు వస్తువులను తన వస్తువులవలె చూచుకోవటం, గెలిచినప్పుడు ఎగసిపడకుండా ఓడినప్పుడు కుంగిపోకుండా ఉండటం మొదలైనవి ఆ నియమాలు. ఇవి తెలియనివారు లేరు. వీటిని ఉల్లంఘించినవాడు మైదానంలో పదిమంది కళ్ళ ఎదుటనే ఉల్లంఘిస్తాడు గనుక, దానికి మందలింపో శిక్షో వెంటనే ఉంటుంది. కాని ఒక్క నియమం మాత్రం ఆట ఆరంభం కాకముందే, మైదానానికి దూరంగా, ఒక బల్లమీద, కలంతో ఉల్లంఘింపబడుతున్నది. సభ్యత్వపు ఫారంలో పుట్టినతేదీ అని ఉన్న గడి అది. నేటి ప్రసంగానికి ముఖ్య విషయం ఆ గడియే.

పుట్టినతేదీ విషయంలో మన తెలుగు పల్లెల అలవాటు ఒకటి ముందుగా చెప్పుకోవాలి. అరవై డెబ్బై ఏండ్ల వయస్సు గల పెద్దలను ఎవరినైనా అడిగి చూడండి. వారిలో చాలామందికి రికార్డుల్లో పుట్టినరోజు జూన్ 1 అనో, జూలై 1 అనో ఉంటుంది. ఊరి జనమంతా వేసవి సెలవుల చివరి దినాన పుట్టారని కాదు. పిల్లవాణ్ణి బడిలో వేసేనాడు తండ్రికి తేదీ గుర్తుండేది కాదు. తుపాను వచ్చిన ఏడో, పెదనాన్నగారి పెండ్లి జరిగిన ఏడో మాత్రమే గుర్తుండేది. అయ్యవారు పిల్లవాడి ఎత్తు చూచి, ఒకటో తరగతికి అయిదేండ్లు నిండి ఉండాలి గనుక వెనక్కు లెక్కవేసి, ఒక తేదీ వ్రాసేవారు. అందులో మోసబుద్ధి లేదు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. పుట్టిన 21 రోజుల్లోగా జననాన్ని తెలుపాలని నియమం ఏర్పడింది. ఆస్పత్రి కాన్పులు పెరిగిన కొలదీ ఆ అలవాటు సన్నగిల్లింది. 2023లో ఆ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, ఆ సంవత్సరం అక్టోబరు 1వ తేదీ నుండి పుట్టినవారికి జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి ప్రధాన ఆధారం.

నేటి పిల్లవాడి పుట్టినతేదీ తెలియకపోవటానికి కారణం లేదు. అయినా అది మారుతున్నది. పూర్వం తెలియక వ్రాసిన తేదీ వేరు, తెలిసి మార్చిన తేదీ వేరు. అయ్యవారు పిల్లవాణ్ణి బడిలో చేర్చటానికి ఏడాది పెంచి వ్రాసేవారు. ఇప్పుడు జట్టులో నిలబెట్టటానికి రెండేండ్లు తగ్గించి వ్రాస్తున్నారు. ఆలస్యంగా నమోదు చేసిన జనన ధ్రువపత్రం, బడి మార్పిడి పత్రంలో కొత్త తేదీ, రెండు ఊళ్ళలో రెండు పేర్లు — మార్గాలు అనేకం. వాటిని ఇక్కడ వివరించటం అనవసరం, ప్రమాదకరం కూడాను.

ఒకటి రెండేండ్ల తేడాతో ఇంత అనర్థం ఏమున్నదని కొందరు తల్లిదండ్రులు అడుగుతారు. పెద్దవారి విషయంలో అయితే ఆ ప్రశ్న సబబే. ఇరవై ఆరేండ్లవానికీ ఇరవై ఎనిమిదేండ్లవానికీ మైదానంలో భేదం లేదు. కాని పదమూడుకూ పదిహేనుకూ మధ్య ఉన్నది రెండేండ్ల భేదం కాదు, రెండు దేహాల భేదం. ఆ వయస్సులో ఎత్తు, బరువు, ఎముకల బలం, కండరాల సత్తువ ఏడాదిలోనే గుర్తుపట్టలేనంత మారిపోతాయి. ఒకడు వేసే బంతి మరొకడి ఛాతీ ఎత్తున వస్తుంది. కబడ్డీలో ఒకడి పట్టు మరొకడి భుజం కీలును తప్పిస్తుంది. వయఃపరిమితి అనేది పిల్లల రక్షణ కోసం ఏర్పరచిన కంచె. దానిని దాటినవాడు పోటీలో అన్యాయం చేయటమేగాక, ఎదుటి పిల్లవాడి ఒంటికి కూడా ముప్పు తెస్తున్నాడు.

ఇక జట్టు సంగతి. పదిహేనుమంది జట్టును ఎంపిక చేసేటప్పుడు పదహారవవాడు ఒకడు ఉంటాడు. పత్రికల్లో ఎప్పుడూ అతని పేరు రాదు. అతడు నిజంగా పదమూడేండ్లవాడు. తన ఈడువారిలో మంచి ఆటగాడే. కాని పదమూడు అని వ్రాసుకున్న పదిహేనేండ్లవాని పక్కన నిలబడితే పిల్లకాయవలె కనిపిస్తాడు. జాబితా గోడకు అంటించిన సాయంకాలం అతడు దానిని రెండుసార్లు చదువుతాడు. మరుసటి ఏడు మళ్ళీ ప్రయత్నిస్తాడు, లేదా ప్రయత్నించడు. తనకంటె వాడు మేలైన ఆటగాడని జీవితాంతం నమ్ముతాడు. ఆ నమ్మకం అబద్ధమని అతనికి ఎవరూ చెప్పరు. వయస్సు మోసంలో నష్టపోయినవాడు ఫిర్యాదు చేయలేడు. తాను నష్టపోయినట్లు అతనికే తెలియదు. అందుకే ఈ తప్పు చిన్నదిగా కనిపిస్తుంది.

2015 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రావిడ్ ఈ విషయమే ప్రస్తావించారు. అప్పటికి ఆయన పందొమ్మిదేండ్లలోపు వారి జాతీయ జట్టుకు శిక్షకులు. తన వయస్సును దాచటానికి కన్నవారూ శిక్షకుడూ కలసి మోసం చేయటాన్ని కళ్ళారా చూచిన పిల్లవాడు పెరిగి పెద్దవాడైన తరువాత ఎటువంటివాడు అవుతాడని ఆయన ఆవేదనతో అడిగారు. గొప్ప బ్యాట్స్‌మన్ నోట ఆ మాట రావటం వల్ల అది దేశమంతా వినిపించింది. నిజానికి ఆ మాటను ప్రతి పాఠశాల వ్యాయామోపాధ్యాయుడూ ఎప్పటినుండో అనుకుంటూనే ఉన్నాడు. ఆ సంవత్సరమే ఢిల్లీకి చెందిన ఇరవైమందికి పైగా యువ క్రికెటర్లను వయస్సులో తేడా కారణంగా వయఃపరిమితి గల పోటీల నుండి క్రికెట్ బోర్డు తొలగించింది. ఇది క్రికెట్‌కే పరిమితమైన జాడ్యం కాదు. ఢిల్లీలో ఏటేటా జరిగే సుబ్రతో కప్ ఫుట్‌బాల్ పోటీల్లో, 1960 నుండి దేశం నలుమూలల నుండి బడి పిల్లలు వచ్చి ఆడే ఆ పోటీల్లో కూడా, వయస్సు పరీక్షలో నిలువక జట్లు వెనుదిరిగిన సందర్భాలున్నాయి.

ఈ వ్యాధి మన దేశానిది మాత్రమే అనుకోవటం కూడా పొరపాటు. అమెరికాలో పన్నెండేండ్ల లోపు పిల్లలకు లిటిల్ లీగ్ అనే బేస్‌బాల్ సంస్థ ప్రపంచ పోటీలు జరుపుతుంది. 2001 ఆగస్టులో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జట్టు తరఫున డానీ అల్మోంటే అనే బాలుడు బంతి విసరుతూ ఉంటే ఎదుటి జట్టులో ఒక్కరూ నిలువలేకపోయారు. దేశమంతా వానిని కొనియాడింది. కొద్ది దినాలకే డొమినికన్ రిపబ్లిక్‌లోని జనన రికార్డులు బయటపడ్డాయి. వానికి పన్నెండు కాదు, పధ్నాలుగు నిండాయి. జట్టు గెలుపులన్నీ రద్దయినాయి. అయితే ఆ సంస్థ శిక్ష ఎవరికి విధించిందో గమనించాలి. బాలుని తండ్రినీ, జట్టు స్థాపకునీ జీవితాంతం బహిష్కరించింది. పిల్లవానిపై నేరం మోపలేదు. అయినా ఆ పిల్లవాడు పెద్దవాడైన తరువాత కూడా, ఏ పత్రికలో అతని పేరు వచ్చినా ఆ రెండేండ్ల సంగతి పక్కనే అచ్చవుతూ వచ్చింది. శిక్ష పడనివాడే ఎక్కువ కాలం శిక్ష అనుభవించాడు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం తేలుతున్నది. సభ్యుల నడవడి గురించి మాట్లాడినప్పుడు మన వ్రేలు వెంటనే పిల్లలవైపు చూపుతుంది. కాని పన్నెండేండ్ల బాలుడు పంచాయతీ కార్యాలయానికి పోయి ధ్రువపత్రం తెచ్చుకోలేడు. బడి రిజిస్టరులో దిద్దుబాటు చేయించలేడు. ఎముకల పరీక్షకు తన బదులు మరొకరిని పంపలేడు. ఆ పనులన్నిటికీ పెద్దవాని చేయి కావాలి. యువజన క్రీడా సంఘంలో చేరేటప్పుడు సంతకం చేసేవాడు పిల్లవాడే అయినా, నియమావళి మొట్టమొదట వర్తించవలసినది ఆ సంతకం చేయించిన వానికి.

పెద్దలు ఇంత దూరం ఎందుకు వెళతారు? కేవలం దురాశ అని కొట్టివేయటం సులువు. ద్వారకకు ఆనుకొని ఉన్న నజఫ్‌గఢ్ నుండి వీరేంద్ర సెహ్వాగ్ వచ్చారు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటలో పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యపతకం గెలిచి, మన దేశపు మహిళల్లో ఒలింపిక్ పతకం పొందిన ప్రథమురాలై, 2021లో ఇదే ఢిల్లీలో క్రీడా విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షురాలుగా నియమితులైనారు. ఇటువంటివారిని చూచి ప్రతి ఇంటా ఆశ పుట్టటం సహజం. దానికి తోడు క్రీడా ధ్రువపత్రం వల్ల కళాశాలలో సీటు, రైల్వేలోనో పోలీసుశాఖలోనో ఉద్యోగం లభించవచ్చును. చిన్న జీతంతో నగరానికి వచ్చి, ఇంటి అద్దె కట్టి, పిల్లవాని బ్యాటుకూ బూట్లకూ అప్పు చేసిన తండ్రికి ఒక్క ఏడాది చాలా విలువైనది. శిక్షకుడు వచ్చి, అందరూ చేసేదే కదండీ అన్నప్పుడు ఆ తండ్రి కాదనలేకపోతాడు. ఆయన బాధ నిజమైనదే. కాని పదహారవవాని తండ్రి కూడా అదే అద్దె కడుతున్నాడు, అదే అప్పు చేశాడు.

ప్రభుత్వం ఈ సమస్యను పట్టించుకోకపోలేదు. 2010లో కేంద్ర క్రీడాశాఖ వయస్సు మోసాన్ని అరికట్టడానికి జాతీయ నియమావళి జారీ చేసింది. 2025 మార్చిలో దాని సవరణకు ముసాయిదా ప్రకటించి ప్రజల అభిప్రాయాలు కోరింది. తప్పును తామే ముందుకు వచ్చి ఒప్పుకొనేవారికి ఒకసారి అవకాశం ఇవ్వటం, సహకరించిన శిక్షకులపై, అధికారులపై కూడా చర్య తీసుకోవటం అందులోని అంశాలు. క్రికెట్ బోర్డు 2020లోనే ఇటువంటి మార్గం తెరిచింది. తప్పుడు పత్రాలు ఇచ్చామని స్వయంగా తెలిపినవారిని నిజమైన వయస్సు ప్రకారం ఆడనిస్తామనీ, దాచి దొరికినవారిని రెండేండ్లు నిషేధిస్తామనీ ప్రకటించింది. దొంగను పట్టుకోవటం కంటె దారి తప్పినవానికి వెనుకకు రావటానికి దారి చూపటం మేలు అనే భావన దీనిలో ఉన్నది. చిన్న సంఘాలు ఈ పద్ధతిని ఇంకా అనుసరించటం లేదు. అనుసరించటానికి ఖర్చేమీ లేదు.

ఎముకల పరీక్ష ఒక్కటి ఉంటే చాలుననే అభిప్రాయం ఈ మధ్య ప్రబలింది. దీనిని గురించి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ఎడమచేతి మణికట్టునూ వ్రేళ్ళనూ ఎక్స్‌రే తీస్తారు. బాల్యంలో ఎముకల కొసల వద్ద మృదులాస్థి ఉంటుంది. అది ఎక్స్‌రేలో ఖాళీవలె కనిపిస్తుంది. వయస్సు వచ్చిన కొలదీ ఆ ఖాళీ పూడి ఎముక ఏకమవుతుంది. టానర్, వైట్‌హౌస్ అనే ఆంగ్ల శాస్త్రజ్ఞుల పేరుతో ఉన్న పద్ధతిలో పదమూడు ఎముకలను ఒక్కొక్కదానిని పరిశీలించి అంకెలు వేసి, మొత్తాన్నిబట్టి ఎముకల వయస్సు నిర్ణయిస్తారు. మంచి పద్ధతే. కాని అది ఎముకల వయస్సును చెబుతుంది, పుట్టినతేదీని చెప్పదు. త్వరగా ఈడేరే పిల్లలు ఉంటారు, ఆలస్యంగా ఎదిగేవారు ఉంటారు. తిండి, వ్యాధి, వంశలక్షణం అన్నీ దానిపై పనిచేస్తాయి. ఒకే దినాన పుట్టిన ఇద్దరు ఆరోగ్యవంతులైన పిల్లల ఎముకల వయస్సులో ఏడాదికి పైగా తేడా ఉండవచ్చును.

దీనివల్ల ఏమవుతున్నది? మోసగాణ్ణి పట్టుకోవటానికి పెట్టిన పరీక్షలో ఒక్కొక్కసారి నిజాయితీపరుడు చిక్కుకుంటున్నాడు. ఆస్పత్రిలో పుట్టి, మూడవ దినాన పేరు నమోదై, ఒక్క అబద్ధం ఆడని పిల్లవాడు ఎక్స్‌రే చూపిన అంకెవల్ల జట్టు బయట నిలబడవలసి వస్తున్నది. వాని పక్కన నిలబడినవారు వానిని కూడా దొంగ అనే అనుకుంటారు. పెద్దలు చేసిన మోసాల వల్ల పెద్దల మాట నమ్మరానిదైపోయింది. మాట నమ్మలేనప్పుడు యంత్రాన్ని నమ్మవలసి వచ్చింది. యంత్రానికి ఆ పిల్లవాడు ఎవరో తెలియదు. కనుక పరీక్షలో తేలినవానిని వెంటనే మోసగానిగా ప్రకటించక, పత్రాలు మళ్ళీ పరిశీలించి, వాని వాదం వినే ఏర్పాటు ప్రతి సంఘంలోనూ ఉండాలి. అంతవరకు వాని పేరు బయటికి పొక్కకుండా చూడటం కూడా సంఘపు నడవడిలో భాగమే.

ఉత్ప్రేరకాల సంగతి వేరొక ప్రసంగానికి తగినంత ఉన్నది. అయినా ఢిల్లీలోనే జరిగిన ఒక ఉదంతాన్ని విడిచిపెట్టటం సాధ్యం కాదు. 2023 సెప్టెంబరులో జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్ పోటీలు జరుగుతున్నాయి. ఉత్ప్రేరక నిరోధక సంస్థ అధికారులు పరీక్షలకు వచ్చారనే వార్త పొక్కింది. పురుషుల 100 మీటర్ల తుది పందెంలో ఎనిమిదిమంది పరుగెత్తవలసి ఉండగా ఒకే ఒక్కడు వచ్చి నిలబడ్డాడు. మరొక పందెంలో ఒక బాలిక గమ్యం దాటిన తరువాత కూడా ఆగకుండా పరుగెత్తుతూనే పోయిందని, పరీక్షాధికారి వెంటబడవలసి వచ్చిందని పత్రికలు వ్రాశాయి. శౌచాలయంలో వాడి పారవేసిన సూదుల దృశ్యాలు కూడా వెలువడినాయి. ఒంటరిగా పరుగెత్తిన ఆ యువకుడు పతకం తీసుకున్నప్పుడు ఏమనుకొని ఉంటాడో! తనతో పోటీపడటానికే ఢిల్లీకంతా కలిపి ఒక్కడు కూడా మిగలలేదు.

పరుగెత్తిపోయిన బాలికను చూచి నవ్వినవారున్నారు. నవ్వదగిన విషయం కాదు. ఏ మందు ఎంత మోతాదులో తీసుకోవాలో ఆమెకు ఎవరు చెప్పి ఉంటారు? ఆ ప్రశ్న ఆమె ఒక్కతె విషయంలో జవాబు లేనిదే కావచ్చును. కాని 2021 నుండి అమలులో ఉన్న ప్రపంచ ఉత్ప్రేరక నిరోధక నియమావళి దానిని మరువలేదు. పదహారేండ్లలోపు పిల్లలను రక్షణకు పాత్రులైనవారుగా అది పరిగణిస్తున్నది. అటువంటివారు పరీక్షలో పట్టుబడితే వారి శిక్షకునిపై, సహాయకులపై తప్పనిసరిగా విచారణ జరపాలని నిర్దేశిస్తున్నది. మన పార్లమెంటు 2022లో జాతీయ ఉత్ప్రేరక నిరోధక చట్టాన్ని ఆమోదించింది. ఇక్కడ కూడా వ్రేలు చూపవలసిన దిక్కు మారుతున్నది.

శిక్షకునికీ శిష్యునికీ నడుమ ఉండవలసిన మర్యాద గురించి కూడా ఒక మాట. మన సంప్రదాయంలో గురువు మాటకు ఎదురు చెప్పరాదు. ఆ గౌరవం చెడ్డది కాదు గాని, దానిని అడ్డుగా పెట్టుకొని పిల్లలను కొట్టేవారు, అవమానించేవారు, అంతకంటె హీనంగా ప్రవర్తించేవారు కొందరున్నారు. 2012 నాటి బాలల లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం పిల్లవానిపై అటువంటి నేరం జరిగినట్లు తెలిసిన ప్రతి వ్యక్తీ పోలీసులకు తెలపాలి. తెలిసి ఊరకుండటం కూడా శిక్షార్హమే. సంఘం పేరు చెడుతుందని, పోటీలు దగ్గరపడ్డాయని, పిల్లదాని భవిష్యత్తు కోసమని నోరు మూసుకున్న కార్యదర్శి ఆ నేరానికి కాపలా కాసినవాడవుతాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన జాతీయ క్రీడా పరిపాలన చట్టం క్రీడాసంస్థలకు నైతిక నియమావళినీ, మహిళలకు, మైనరు క్రీడాకారులకు భద్రత కల్పించే విధానాన్నీ నిర్దేశిస్తున్నది. ద్వారకలోని చిన్న సంఘానికి ఆ చట్టం ఎంతవరకు వర్తిస్తుందని లెక్కలు వేయనక్కరలేదు. రాత్రివేళ ఒంటరి పిల్లను శిక్షకుని బండిమీద ఇంటికి పంపరాదని తెలుసుకోవటానికి చట్టం కావాలా?

మంచి నడవడికి ఉదాహరణలు కోరేవారికి చరిత్రలో కొదువ లేదు. కాని వాటిలో ఒక్కటి గట్టిగా చెప్పుకోదగినది. ఎందుకంటే ఆ నడవడికి మూల్యం చెల్లించవలసి వచ్చింది. 1980 ఫిబ్రవరిలో బొంబాయి వాంఖెడే మైదానంలో క్రికెట్ బోర్డు స్వర్ణోత్సవ సందర్భంగా ఇంగ్లండుతో టెస్టు పోటీ జరిగింది. భారత జట్టు నాయకుడు గుండప్ప విశ్వనాథ్. ఇంగ్లండు జట్టు 58 పరుగులకే అయిదు వికెట్లు కోల్పోయి ఉన్నది. ఆ దశలో బాబ్ టేలర్ ఔటైనట్లు అంపైరు ప్రకటించాడు. బంతి బ్యాటుకు తగలలేదని విశ్వనాథ్‌కు అనిపించింది. ఆయన అంపైరును అడిగి టేలర్‌ను వెనుకకు పిలిపించాడు. టేలర్, బోథమ్ కలసి 171 పరుగులు చేశారు. భారత జట్టు పది వికెట్ల తేడాతో ఓడిపోయింది.

ఆ ఓటమి తరువాత విశ్వనాథ్ చేసినది తెలివితక్కువ పని అన్నవారు లేకపోలేదు. ఆనాటి స్కోరు గుర్తున్నవారు ఇప్పుడు కొద్దిమందే. టేలర్‌ను వెనుకకు పిలిచిన సంగతి మాత్రం అందరికీ గుర్తున్నది.

అప్పటి ప్రకాశం జిల్లాకు చెందిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేత అయినారు. ఒక శీతలపానీయపు కంపెనీ ప్రకటనకు పెద్ద మొత్తం ఇవ్వజూపితే, తాను త్రాగని పానీయాన్ని పిల్లలను త్రాగమని చెప్పలేనని నిరాకరించారు. అప్పటికి ఆయన ధనవంతుడు కాదు. ఆ నిరాకరణను చూచిన నాటి పిల్లలు తరువాత ఆయన శిక్షణాలయానికి వచ్చినవారిలో ఉండి ఉంటారు. పిల్లలు శిక్షకుడు చెప్పినది మరచిపోతారు గాని, ఆయన వద్దన్నది మరచిపోరు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఫారం దగ్గరికి రావాలి. ఈ సభలో ఉన్న తల్లిదండ్రులలో ఎవరి ఇంటనైనా రెండు పుట్టినతేదీలున్న పిల్లవాడు ఉండవచ్చును. ఒకటి ఇంట్లో పాయసం వండే తేదీ, మరొకటి బడిలో చెప్పే తేదీ. అటువంటి పిల్లవాడు మిత్రులను తన పుట్టినరోజుకు పిలువలేడు. ఎవరైనా నీకెన్నేండ్లని అడిగితే ముందు తల్లివైపు చూస్తాడు. ఆటలో పైకి వచ్చిన కొలదీ వాని భయం పెరుగుతుంది. పాస్‌పోర్టు, పరీక్షలు, ఎంపికలు, ప్రతి మెట్టు వద్దా ఆ తేదీ ఎదురవుతుంది. తప్పు వ్రాయించిన నాడు తండ్రికి ఒక గంట పని. దానిని మోయటం వానికి బ్రతుకంత పని.

దిద్దుకోవటానికి మార్గమున్నది. జనన రిజిస్టరులో పొరపాటుగా గాని, మోసంతో గాని చేరిన వివరాన్ని సరిదిద్దటానికో రద్దు చేయటానికో 1969 నాటి చట్టంలోని 15వ సెక్షను రిజిస్ట్రారుకు అధికారమిస్తున్నది. ఢిల్లీలో నమోదైన జననమైతే నగరపాలక సంస్థ కార్యాలయానికి పోవాలి. ఆంధ్రప్రదేశ్ పల్లెలో నమోదైనదైతే ఆ ఊరి పంచాయతీ కార్యదర్శికి వ్రాయాలి. బడి రికార్డు తప్పయితే ప్రధానోపాధ్యాయుని ద్వారా విద్యాశాఖకు దరఖాస్తు చేయాలి. వీటన్నిటికంటె ముందు, క్రీడాసంఘపు కార్యదర్శికి ఒక ఉత్తరం వ్రాయాలి. ఫలానా మా అబ్బాయి పుట్టినతేదీ తప్పుగా ఇచ్చాము, సరియైన తేదీ ఇది, ఈ ఏటి పోటీల్లో వానిని పై వయస్సు వారితో ఆడించగలరు అని నాలుగు వాక్యాలు చాలును. అటువంటి ఉత్తరం అందుకున్న కార్యదర్శి దానిని నోటీసు బోర్డుకు అంటించరాదు. ఆ బాలుని మరుసటి దినం సాధనకు ఎప్పటివలెనే రమ్మనాలి.

కొత్త సభ్యత్వపు ఫారాలు ఇప్పుడే పంచబడతాయి. వాటిలో పుట్టినతేదీ గడి కింద ఈసారి రెండు గీతలు ఎక్కువగా ఉన్నాయి. ఒకటి తండ్రి లేక తల్లి సంతకానికి, రెండవది శిక్షకుని సంతకానికి. సభ్యుని సంతకం మూడవది.